దిద్దనివ్వని సాక్ష్యం

నేను ముప్పై రెండేళ్లు నరసాపురంలో తెలుగు పండితుడిగా పనిచేశాను. అందులో పద్నాలుగేళ్లు మా చర్చి మాసపత్రికకు సంపాదకుణ్ణి కూడా. సంపాదకుడంటే పెద్ద మాటే. ఒక ఎర్రసిరా పెన్ను, ముక్కు మీద కోపం, ఇవే నా అర్హతలు. ప్రతి నెలా చుట్టుపక్కల ఊళ్ల నుంచి సాక్ష్యాలు వచ్చేవి. ఫలానా కష్టం వచ్చింది, ప్రార్థించాం, దేవుడు గట్టెక్కించాడు అని విశ్వాసులు రాసి పంపేవాళ్లు. వాటికి నా దగ్గర ఒక కొలత ఉండేది. ముందు కష్టం, నడుమ ప్రార్థన, చివర కృతజ్ఞత. కొలతలో ఇమడనిదాన్ని కొట్టేసేవాణ్ణి. అలా మూడు వందల దాకా దిద్ది ఉంటాను. వాటిలో ఒక్కదాని విషయంలో మాత్రం ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. అది కృపారాణి రాసింది.

కృపారాణిది మొగల్తూరు దగ్గర పల్లె. తండ్రి అప్పారావు వరి కోతలకీ, చెరువు పనులకీ వెళ్లేవాడు. తల్లి సంపూర్ణమ్మ సండే స్కూల్లో పిల్లలకి పాటలు నేర్పేది. పదమూడేళ్లకే ఆ పిల్ల నాకంటే పొడుగు. స్కూలు గ్రౌండులో నెట్ దగ్గర ఎగిరి బంతిని కొడితే అవతలివాళ్లు తల కాచుకోవలసిందే. రాజమండ్రిలో ప్రభుదాసు మాస్టారు చర్చిల తరఫున ఆడపిల్లలకి వాలీబాల్ శిక్షణ ఇచ్చేవాడు. అక్కడే సంఘ పెద్ద కూడా. ప్రార్థన చేస్తే కళ్లనీళ్లు పెట్టించేవాడని పేరు. ఆయన మా ఊరొచ్చి కృపారాణిని ఎంచుకున్న రోజు అప్పారావు నా చేతులు పట్టుకుని ఏడ్చాడు. అది సంతోషమే.

రెండేళ్ల తర్వాత, తొంభై ఆరులో, ఆ పిల్ల ఒక కప్పుతో, కుంటికాలుతో ఇంటికొచ్చింది. వచ్చిన నెలకి నాలుగు పేజీల సాక్ష్యం రాసి నాకు పంపింది. ప్రాక్టీసులో చీలమండ బెణికి వాచిందని రాసింది. నొప్పి అని చెబితే మాస్టారు నెట్ తాడుతో కొట్టాడనీ, కంకర మీద మోకాళ్ల మీద నిలబెట్టాడనీ, నొప్పి అనేవాళ్లకి విశ్వాసం లేదని మిగతా పిల్లలందరి చేతా అనిపించాడనీ రాసింది. అదే కాలుతో ఫైనల్ ఆడించాడట. చివర్లో, ‘దేవుడు నన్ను విడిచిపెట్టలేదు, కానీ ఇంకెవరినీ అక్కడికి పంపకండి’ అని ఉంది.

నేను చదివాను. చదివి ఏమనుకున్నానో దాచను. చిన్నపిల్ల, ఆటలో దెబ్బలు మామూలే, పెద్దాయన మీద ఇలా రాయడమేంటి అనుకున్నాను. పైగా నా కొలతకి సరిపోలేదు, చివర కృతజ్ఞత లేదు. మూడు పేజీలు కొట్టేశాను. ‘మాస్టారుగారి కఠినమైన శిక్షణ ద్వారా ప్రభువు నన్ను విజయానికి నడిపించాడు’ అని నేనే ఒక పేరా రాసి, కింద ఆమె పేరు వేశాను. పత్రిక అచ్చయి వచ్చాక ఆ పిల్ల చర్చి వసారాలో నిలబడి అంతా చదివింది. “బాగుందండి పాల్ మాస్టారూ” అని పత్రిక మడిచి నా చేతికిచ్చి వెళ్లిపోయింది. మెచ్చుకుందనే అనుకున్నాను. అంత తెలివితక్కువవాణ్ణి.

ఆ కాలు మళ్లీ ఎగరడానికి పనికిరాలేదు. కృపారాణి మాత్రం ఆటని వదల్లేదు. డిగ్రీ చదివింది, వ్యాయామ ఉపాధ్యాయుల ట్రైనింగ్ చేసింది, రెండువేల మూడులో పాలకొల్లు వైపు ఒక స్కూల్లో పీఈటీగా చేరింది. ఆదివారాలు తల్లి బదులు సండే స్కూలు తనే నడిపేది. పిల్లలకి బైబిలు కథలు చెబుతూ చెబుతూ గట్టిగా నవ్వేది. ఆ నవ్వు వాక్యం చదివేటప్పుడు కూడా వినబడుతోందని అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ఒకటి రెండుసార్లు విసుక్కున్నారు.

రెండువేల నాలుగు మార్చిలో ఒక కరపత్రం వచ్చింది. ప్రభుదాసు మాస్టారి వేసవి శిబిరానికి ఆడపిల్లల్ని పంపమని పిలుపు. అందులో కృపారాణి చిన్నప్పటి ఫోటో, దాని కింద నేను రాసిన పేరా, మక్కీకి మక్కీ దింపేశారు. మా సంఘం నుంచి ఎంపికైన పిల్ల రామతులసి. కృపారాణి దగ్గర ఎనిమిదో తరగతిలో ఆడుతున్న పిల్లే. తల్లి వీరమ్మ రొయ్యలు ఒలిచే షెడ్డులో పనిచేసేది. బాప్తీస్మం తీసుకుని రెండేళ్లయినా ఇంట్లో ఎవరి పేర్లూ మార్చలేదు. ఆవిడకి చదువు రాదు. ఆ కరపత్రం పక్కింటివాళ్ల చేత చదివించుకుని, అచ్చులో ఉన్నది నిజమే అయ్యుంటుందని పిల్లకి బ్యాగు కూడా కొంది.

కృపారాణి ముందు వీరమ్మ దగ్గరకే వెళ్లింది. వీరమ్మ కరపత్రం చూపించి, “ఇందులో నువ్వే బాగుందని రాశావు కదమ్మా. ఇప్పుడు మా పిల్లకి వచ్చేసరికి వద్దంటావేంటి?” అందట. ఆ సాయంత్రమే కృపారాణి సైకిలు మా ఇంటి ముందు ఆగింది. ఒక లాంగ్ నోట్‌బుక్ నా బల్ల మీద పెట్టింది.

“ఇది వేయాలండి. వచ్చే నెల పత్రికలో.”

తిరగేశాను. తన కథ ఒక్కటే కాదు. ఏడాదిగా సెలవుల్లో యానాం, అమలాపురం, తాడేపల్లిగూడెం తిరిగి, తనతోపాటు శిబిరంలో ఉన్న పదిమందిని వెతికి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకొచ్చింది. ఒకామెకి ఇప్పటికీ చెయ్యి పైకి లేవదు. ఒకామె ఎక్కడ ఈల వినిపించినా లోపలికి వెళ్లి తలుపేసుకుంటుంది. పై అట్ట మీద ‘నొప్పి చెప్పిన పిల్లలు’ అని పేరు పెట్టింది.

ఆఖరి పేజీ దాకా చదివాను. అయినా పాత అలవాటు ఎక్కడికి పోతుంది? “అక్షరదోషాలు చాలా ఉన్నాయమ్మా. కొంచెం సరిచేసి...” అన్నాను.

“వద్దండి. తప్పులుంటే ఉంచండి. ఒక్క ముక్క కూడా దిద్దకండి.”

“అసలు ఇదంతా అప్పుడే చెప్పుంటే బాగుండేది కదమ్మా.”

కృపారాణి నా వంక తిన్నగా చూసింది. “చెప్పానండి. మీకే చెప్పాను.”

మా ఆవిడ టీ తెచ్చి అక్కడ పెట్టి లోపలికి వెళ్లింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. తల వంచుకునే, ఇంత జరిగాక కూడా చర్చికి ఎలా వస్తున్నావమ్మా అని అడిగాను. “దేవుడు నన్ను ఆ మాస్టారి చేతిలో పెట్టలేదండి. మీరంతా కలిసి పెట్టారు. మీ మీద కోపంతో దేవుణ్ణి వదులుకోమంటారా?” అంది. ఇన్నేళ్లలో నేను విన్న ప్రసంగాలన్నీ ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు.

అయ్యగారు నోట్‌బుక్ చదవనైనా లేదు. “పత్రికంటే సంఘం పరువండి. పెద్దలు ఒప్పుకోరు” అని చేతులెత్తేశారు. పెద్దల చుట్టూ తిరగడంలోనే వారాలు గడిచిపోయాయి. శిబిరానికి బస్సు సోమవారం. మిగిలింది ఒక్క ఆదివారం. మా ఆరాధనలో రెండో పాట అయ్యాక సాక్ష్యాల సమయం ఉంటుంది. అప్పుడు ఎవరైనా లేవవచ్చు. లేచినవాళ్లని కూర్చోమనే ఆనవాయితీ మా సంఘంలో లేదు. కృపారాణి దాన్నే నమ్ముకుంది.

ఆ ఆదివారం ఆమెకంటే ముందు నేను లేచాను. ముప్పై రెండేళ్లు క్లాసులో అరిచిన గొంతు పీలగా వచ్చింది. “కరపత్రంలో ఉన్నది కృపారాణి మాట కాదండి. నేను రాసి ఆమె పేరు పెట్టాను. ఆమె రాసింది కొట్టేశాను. అది ఇప్పుడు చదువుతుంది” అని కూర్చున్నాను.

ఆమె చదవడం మొదలుపెట్టింది. మా దగ్గర ఇంకో అలవాటుంది. సాక్ష్యం చెప్పేవాళ్లు ఊపిరి తీసుకోవడానికి ఆగితే సంఘమంతా ‘స్తోత్రం’ అంటుంది. వింటున్నామో లేదో కూడా చూసుకోం, నోరు దానంతట అదే అనేస్తుంది. “నన్ను కంకర మీద మోకాళ్ల మీద నిలబెట్టారు” అని ఆమె ఆగింది. “స్తోత్రం!” అన్నారు అందరూ. నేనూ అన్నాను. అన్నాక ఏమన్నామో తెలిసింది.

కృపారాణి తల ఎత్తింది. కోపం లేదు. “ఇక్కడ స్తోత్రం వద్దండి. ఊరికే వినండి, చాలు” అంది. ఆ తర్వాత పదకొండు మంది కథలూ అయ్యేదాకా ఎవరూ నోరెత్తలేదు. ఆడవాళ్ల వైపు కొందరు కొంగులు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

చదవడం అయిపోగానే ముందు వరసలోంచి ఒక పెద్దాయన లేచి, ఇది కోర్టు కాదు, దేవుని మందిరం, ఇక్కడ లేని మనిషి మీద నేరాలు మోపే చోటు కాదు అన్నాడు. ఆయన ఇంకా నిలబడి ఉండగానే వెనక నుంచి వీరమ్మ లేచింది. ఆవిడ చర్చిలో మాట్లాడడం అదే మొదటిసారి.

“అయ్యగారండీ, నాకు సదువు రాదండి. ఆ కాయితంలో ఏవుందో, ఈ పుస్తకంలో ఏవుందో నాకు తెల్దండి. రేపు పొద్దున్నే బస్సండి. మా పిల్లని పంపమంటారా, వద్దంటారా? మీ నోటితో సెప్పండి.”

అయ్యగారు పెద్దాయన వైపు చూశారు, నోట్‌బుక్ వైపు చూశారు. ఆయనకీ ఇద్దరు ఆడపిల్లలు. చివరికి పీఠం దిగి కిందకి వచ్చి, “పంపొద్దమ్మా” అన్నారు.

తర్వాత అంతా సుఖంగా జరిగిందని చెబితే అబద్ధం అవుతుంది. సంఘంలో రెండు కుటుంబాలు మాతో మాట మానేశాయి. పదకొండు మందీ సంతకాలు పెట్టి రాజమండ్రి సంఘానికీ, పోలీసులకీ ఫిర్యాదు ఇచ్చారు. ప్రభుదాసుని శిబిరం నుంచి తప్పించడానికే ఏడాది పట్టింది, కేసు ఇంకా నడుస్తోంది. ఆ నోట్‌బుక్‌ని మాత్రం మరుసటి నెలే పత్రికలో, తర్వాత చిన్న పుస్తకంగా వేశాం. అక్షరదోషాలన్నీ అలాగే ఉంచాను. పండితుడి ప్రాణం విలవిల్లాడింది, విలవిల్లాడనిచ్చాను. ఎక్కడెక్కడి తల్లులో ఉత్తరాలు రాశారు. ఆ వేసవిలో కృపారాణి తన స్కూలు గ్రౌండులోనే శిబిరం పెట్టింది. పందొమ్మిది మంది పిల్లలు వచ్చారు.

ఒకరోజు చూడ్డానికి వెళ్లాను. పిల్లలు గ్రౌండు చుట్టూ పరుగెడుతున్నారు. రెండో చుట్టులో రామతులసి ఆగిపోయి, “మేడమ్, కాలు నొప్పండి” అంది. కృపారాణి వెంటనే నీడలో కూర్చోబెట్టి, చీలమండ పట్టి చూసి, తడిగుడ్డ కట్టింది. ఐదు నిమిషాల్లో అటు జామచెట్టు కింద ఆ పిల్ల అదే కాలు మీద కుంటాట ఆడుతోంది. నాకు ఒళ్లు మండింది.

“అది దొంగనొప్పమ్మా! పరుగు ఎగ్గొట్టడానికి నాటకం” అన్నాను.

“తెలుసండి.”

“తెలిసీ కట్టు కట్టావా?”

“మొదటి వారం అందరూ అబద్ధమే చెబుతారు మాస్టారూ. నమ్ముతానో లేదో చూస్తారు” అంది కృపారాణి, పిల్లల మీంచి చూపు తిప్పకుండా. “ఇవాళ దొంగనొప్పి నమ్మితేనే రేపు నిజం నొప్పి నా దగ్గరికొస్తుందండి.”