మాలక్ ప్యాంటు మీద నా వాంతి

దవాఖానల నాకు ఎట్ల పేరొచ్చిందో చెప్త, ఇనుండ్రి. ఛాయ్ కప్పులు మాత్రం కొంచెం పక్కకు వెట్టుండ్రి.

మరాఠోళ్ల ఊరికి బతుకవోయి, ఆడ పవర్‌లూమ్ మీదికి నూలు చుట్టిన బరువు బీము ఎత్తవోయి హర్నియా తెచ్చుకున్న. ఆపరేషన్ మంచిగనే అయింది. అయినంక నొప్పికి సూదేసిన్రు. నొప్పి పోయింది గని కడుపుల ఒక్కటే తిప్పుడు. వాంతొస్తె కుట్లు గుంజుతున్నయి. మల్ల నర్సుబాయి సూది వట్టుకొని వస్తె, "నాకద్దు" అని ఎల్లగొట్టిన. నొప్పికి ఆగలేక మల్ల నేనే పిలిపించుకున్న.

సూది పడంగనే మా మాలక్, ఆ లూముల ఓనరు, చూడనీకె వచ్చిండు. ఇస్త్రీ చేసిన తెల్ల ప్యాంటు. మాలక్ నిలవడితె నేను పండుకొని ఎట్ల మాట్లాడాలె? గబుక్కున లేసి కూసొని చేతులెత్తిన. నోట్లకెళ్లి నమస్తే రాలే, వాంతొచ్చింది. ప్యాంటు మోకాళ్ల దాక ఖరాబ్.

నా భార్య పద్మ తుడువవోతె ఆయన, "ఉండనియ్ చెల్లె, ఉండనియ్" అనుకుంట వాకిలి దాక ఎనుకకు నడిసిండు.

నౌకరీ పోయిందనుకున్న. పద్మ సక్కగ డాక్టర్ తానికి వోయి, "సాహెబ్, సూది ఏసినప్పుడల్ల వాంతులైతున్నయ్. ఈయన సిగ్గువడి చెప్తలేడు" అన్నది.

డాక్టర్ వచ్చి మరాఠీల గట్టిగనే కోపం చేసిండు, ముందుగాలనే ఎందుకు చెప్పలేదని. "ఈ నొప్పి మందు కొందరికి వాంతులు చేస్తది. సూది మొత్తమే మానేస్తె దగ్గనీకె రాదు, నడవనీకె రాదు. మోతాదు తగ్గిస్త, వాంతులాపే మందు గూడ ఇస్త. నువ్వు గబుక్కున లేవకు. నీళ్లు గుటక గుటక తాగు."

అట్లనే చేసిన. కడుపు నిమ్మలమైంది. తెల్లారి గంజి తాగిన, లోపల్నే ఉన్నది. మెల్లగ లేసి వరండా చివరి దాక నడిసిన. కుస్తీ గెలిచిన పహిల్వాన్ లెక్క అందరి దిక్కు చూసుకుంట తిరిగొచ్చిన. మాలక్ గూడ మల్ల వచ్చిండు. వాకిట్లనే నిలవడి, "పనికెప్పుడొస్తవ్ రా?" అన్నడు. నౌకరీ ఉన్నది.

ఇంకో దినం గడిస్తె డాక్టర్ అన్నీ తినుమన్నడు. ఆకలి దంచుతున్నది. మంచం పక్కన స్టూలు మీద డబ్బా ఉన్నది. పద్మ వెట్టి వోయిందనుకొని మూత తీసిన. ఉప్మా. మొత్తం తిన్న. కడుపు కదలలే. తృప్తిగ తేన్చిన.

అప్పుడే పక్క మంచం పేషెంటు, అందరు దాదా అని పిలిచే పెద్దమనిషి, డ్రెస్సింగ్ చేయించుకొని వచ్చి, ఖాళీ డబ్బా చూసి, "నా ఉప్మా ఏది?" అన్నడు.

డాక్టర్ సాహెబ్ ఇచ్చిన వాంతుల మందు మీద నాకు అంత భరోసా. "దాదా, అది ఇగ బయటికి రాదు" అన్న.