బల్కంపేట మోటారు షాపు నుంచి వచ్చిన చీటీలు

మోటారు వైండింగ్ మెకానిక్ ఎల్లయ్య గారు పరమపదించారని గత మంగళవారం ఆయన భార్య యాదమ్మ గారు ఫోనులో చెప్పిన క్షణాన, నేను మా ఆంగ్ల-తెలుగు నిఘంటువు రెండో ముద్రణ ప్రూఫులు దిద్దుతున్నాను. కలం ఆగిపోయింది. ఆ గ్రంథానికి ఆయన ఏమవుతారో పాఠకులకు తెలియకపోవడం నా దుఃఖాన్ని ఆగ్రహంగా మారుస్తున్నది.

పంజగుట్టలోని మా కార్యాలయానికి ఆయన తొలిసారి వచ్చింది నీళ్ల మోటారు బాగుచేయడానికి. బల్లమీద, నిఘంటువు కోసం పదాలు రాసిపెట్టిన చీటీల గుట్ట చూసి కుతూహలంతో నిలబడిపోయారు. ఇంగ్లీషు నిఘంటువుల తొలినాళ్లలో సామాన్య పాఠకులెందరో ఇలాగే చీటీలు పంపారనీ, వారిలో పిచ్చాసుపత్రిలోని రోగి సైతం ఒకడున్నాడనీ చెప్పాను.

"గట్లనా! మరి నేను పంపాల్నంటె ఎర్రగడ్డ పిచ్చి దవాఖానల భర్తీ గావాల్నా సార్?" అని నవ్వారు.

ఆ ఆదివారం నుంచే ఆయన చీటీలు మొదలయ్యాయి. మోటారు పెట్టెల అట్టలు కత్తిరించి ఆంగ్ల పదం, దాని తెలుగు, ఆ తెలుగు ఎవరి నోట, ఎక్కడ విన్నారో రాసేవారు. ప్రతిదీ నా రిజిస్టరులో నమోదై ఉంది. 'హమ్' అనే పదానికి మా పండితులు 'ఝంకారము' అన్నారు. ఎల్లయ్య గారి చీటీలో 'గుయ్యిమనుట, చెప్పింది యాదమ్మ, వంటింట్ల, ఫ్రిజ్ గురించి' అని ఉంది. భార్య పేరు అనవసరమని కొట్టివేయబోతే చేయి అడ్డం పెట్టారు.

"మాట ఆమెది సార్. పేరు తీస్తె చీటీ సుత వాపస్ ఇయ్యుండ్రి."

ఒకసారి ఆయన ఎదుటనే మా ఆచార్యులొకరు, "మోటార్లు చుట్టేవాడికి నిఘంటువుతో పనేంటండీ?" అన్నారు.

"మోటార్ల కాగితాలన్నీ ఇంగ్లీషులనే ఉంటయి సార్. మీకు తెల్వకుంటె పుస్తకం తప్పయితది. నాకు తెల్వకుంటె షాక్ కొడ్తది," అన్నారు ఎల్లయ్య గారు.

అమీర్‌పేటలో పుస్తకావిష్కరణ నాడు ఆయన సహకర్తల పట్టికను వేలితో పైనుంచి కిందికి రెండుసార్లు వెతికారు. పేరు లేదు. "కాగితం మంచిగున్నది సార్," అని మాత్రం అన్నారు. పట్టిక కూర్చినవారు పట్టభద్రులనే ఎంచుకున్నారు. ప్రూఫు దిద్దిన నేను ఊరకున్నాను. ఈ అపరాధంలో నా వాటా నేను దాచను.

అంత్యక్రియల నుంచి వచ్చి, రెండో ముద్రణ ప్రూఫులో ఆయన పేరు స్వహస్తంతో చేర్చి పంపాను. సంపాదకులు ఫోను చేశారు.

"పేజీ నిండిపోయిందండీ. ఒక్క వరుసకైనా చోటు లేదు."

"నా పేరు తీసేయండి. వరుస ఖాళీ అవుతుంది."

నిన్న సరిచేసిన పుట అందింది: 'ఎల్లయ్య, మోటారు మెకానిక్, బల్కంపేట.' ఆ సత్యసంధునికి సాష్టాంగ ప్రణామం. ఆలస్యానికి క్షమాపణ అడగవలసిన మనిషి మాత్రం ఇక లేరు.