సీసా మూత

చంద్రపూర్ నుంచి రాజురా వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్నావిడ ఉద్యోగం నేనెప్పుడూ విననిది. సైన్సు టీచర్లు పాఠం చెబుతుంటే వెనక బెంచీలో కూర్చుని చూసి, తర్వాత వాళ్లకు సలహాలు ఇస్తుందట. నేను బడికి పోకుండానే నోటిలెక్కలు నేర్చానంటే ఒక గుణకారం అడిగింది. వెంటనే చెప్పాను.

"వరోరా బడిల ఒక సైన్సు సార్ గూడ గిట్లనే, అన్నా, అస్సలు ఆగడు," అందామె. "ప్రశ్న ఆయనే అడుగుతడు, జవాబు ఆయనే చెప్తడు. పిల్లలు మొద్దులట, బదిలీకి అర్జీ పెట్టుకుంటడట. వాళ్లది ఇంట్ల తెలుగు, బడిల మరాఠీ. తెలిసింది మరాఠీల చెప్పాలంటే జర టైం పడ్తది గద."

"మరి ఏం చెప్పిన్రు మేడం?"

ఆమె సీసా మూత తీసి, నిదానంగా నీళ్లు తాగి, మూత బిగించింది.

"ప్రశ్న అడిగినంక గిట్ల చెయ్యమన్న. నోట్ల నీళ్లుంటే జవాబెట్ల చెప్తడు?"

ఆ సారు ఆ రోజు ఆమె లేకుండా పాఠం చెబుతున్నాడు. ఈసారీ పిల్లలు నోరు విప్పకపోతే అర్జీ ఇచ్చేస్తానన్నాడట. ఆమె ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

రాజురా స్టాండులో బస్సు ఆగుతుండగా ఫోను మోగింది. మరాఠీలో రెండు ముక్కలు మాట్లాడి సంచీ అందుకుంది.

"మండే దీపం మీద గ్లాసు బోర్లిస్తే ఎందుకు ఆరిందని అడిగిండట. జవాబులు చెప్పుకుంట పిల్లలు నీళ్లు గూడ తాగనిస్తలేరట," అని దిగిపోయింది.

ఇప్పుడు మా తమ్ముడి పిల్లలు లెక్క పట్టుకొస్తే, జవాబు నాకు ముందే తడుతుంది. చెంబు అందుకుంటాను.