మండని అరికాళ్లు

పాపిరెడ్డిపట్టి నంజప్పకు కొండంటే పిచ్చి. మేస్త్రీ పని చేసి చేసి ఒళ్లు హూనమైనా, ఏడాదికోసారి తీర్థమలై కొండెక్కి సామిని చూసి రాకపోతే ఆయనకు అన్నం సయించదు. షుగరు పట్టుకున్నాక కూడా ఆ అలవాటు మానలేదు. నిరుడు ఎడమకాలి చిటికెనవేలు తీసేశారు. ఇంకొక్క పుండు పడితే పాదమే తీసేయాల్సి వస్తుందని, ఇంట్లో కూడా చెప్పులు విడవొద్దని డాక్టరమ్మ నెత్తీ నోరూ బాదుకుని చెప్పింది. నంజప్ప తలూపాడు. ఊపడానికేం, గంగిరెద్దూ ఊపుతుంది.

ఆయన బాధ వేరు. పడుకుంటే చాలు, అరికాళ్లు నిప్పుల మీద పెట్టినట్టు మండేవి. తడిగుడ్డ చుట్టుకుని కూర్చునేవాడు. పక్కన పెళ్లాం గోవిందమ్మాళ్ విసురుతూ విసురుతూ కునికేది. చివరికి ప్రాణం విసిగి, "సామీ, ఈ మంట తీసేస్తివంటే ఒట్టికాళ్లతో నీ కొండెక్కుతాను" అని మొక్కుకున్నాడు. కొన్ని నెలలకు మంట తగ్గింది, ఆ తర్వాత పూర్తిగా పోయింది. ఇంకేం! స్వామి ఆలకించాడని ఊరంతా చాటాడు. డాక్టరమ్మకు మాత్రం చెప్పలేదు. బాధ పోయిందని ఎవరైనా ఆసుపత్రికి పోయి చెప్పుకుంటారా?

మొక్కు చెల్లించే రోజు గోవిందమ్మాళ్ గుండెల్లో రాయి పడింది. ఆయన చెప్పులు సంచిలో వేసుకుని వెంట నడిచింది.

"ఏమయ్యా, రాళ్లు కాలతా ఉండాయి. తొడుక్కో. నీ సంగతి సామికి తెలీదా?"

"ఊరుకోవే. అడిగింది తీసుకుని, ఇచ్చేటప్పుడు బేరమాడమంటావా?"

"డాక్టరమ్మ అంత దూరం చెప్పె కదా!"

"ఆయమ్మ చెప్పింది మంట ఉన్నప్పుడు. ఇప్పుడు బాగయిపోయె కదే."

మొండివాడు రాజుకంటే బలవంతుడు. ఆమె ఏం చేయగలదు?

చిత్తిరై నెల, నడివేసవి. బస్సు ఆలస్యమై, మిట్టమధ్యాహ్నం ఎక్కడం మొదలుపెట్టారు. మెట్లు పెనంలా కాలుతున్నాయి. పిల్లలూ పెద్దలూ అమ్మో అయ్యో అంటూ గెంతి నీడకు పరుగెడుతున్నారు. నంజప్ప మాత్రం ఇంటి అరుగు మీద నడిచినట్టు నింపాదిగా ఎక్కుతున్నాడు. అది చూసి ఒక ముసలమ్మ ఆగిపోయింది.

"ఇంత ఎండలో నీ కాలు కాలలేదంటే, నీకు సామి దయ ఉండాదయ్యా" అంటూ వంగి ఆయన పాదాలు తాకి కళ్లకద్దుకుంది.

నంజప్ప రెండు చేతులూ ఎత్తి కొండకేసి మొక్కాడు. బతుకంతా ఇళ్లు కట్టించుకునేవాళ్ల చేత కసిరించుకోవడమే తప్ప, ఆయన కాళ్లకు ఒకరు మొక్కింది లేదు. ఆ తర్వాత నీడ కనిపించినా తప్పించుకుని, ఎండలోనే నడిచాడు. పిచ్చి మనిషి!

పైన బండ మీంచి పడే రామతీర్థం ధార కింద నిలబడ్డాడు. నీళ్లు తల మీదుగా కాళ్ల మీదికి జారాయి. కిందికి పారే నీళ్లు ఎర్రబడ్డాయి.

"ఎవరికో తగిలినట్టుందే, నెత్తురు!" అంటూ పక్కవాళ్ల కాళ్లకేసి చూశాడు.

గోవిందమ్మాళ్ కెవ్వుమంది. ఆయన్ని కూచోబెట్టి, కాలు ఒళ్లోకి లాక్కుంది. అరికాలు బొబ్బలెక్కి, చిట్లి, తోలు పేలికలా వేలాడుతోంది. రెండో కాలూ అంతే.

"అయ్యో నా తండ్రీ! ఇంత కాలినా నీకు తెలవలేదా? నొయ్యలేదా?"

"లేదే" అన్నాడు నంజప్ప. ముసలమ్మ మొక్కినప్పటి సంతోషం ఇంకా మొహం మీద ఉంది. మెల్లగా అది చెరిగిపోయింది. కాళ్లు మొద్దుబారిపోతేనే మంట పోయిందని అప్పుడు తెలిసొచ్చింది ఆయనకు. ఇక మిగిలేది డాక్టరమ్మ చెప్పినట్టు పాదాలు తీసేయడమే.

బొటనవేలితో ఆ పచ్చిపుండును గట్టిగా నొక్కి చూశాడు. ఏమీ తెలియలేదు. గోరు దించాడు. ఏమీ తెలియలేదు. గుడివైపు తిరిగి, అంతమంది జనంలో, చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు.

"సామీ, నా మంట నాకిచ్చెయ్యి సామీ!"