సీతారామయ్యగారి ఫస్టాఫ్

సీతారామయ్యగారు ఏ సినిమా మీదైనా అభిప్రాయం చెబుతారు. కాకపోతే ఇంటర్వెల్ దాకానే.

"ఫస్టాఫ్ దివ్యంగా ఉందండీ. పాటలు వినసొంపుగా ఉన్నాయి. విలన్ నవ్వు మాత్రం కాస్త తగ్గించాలి" అంటారు.

"తర్వాతేమైందండీ?"

"నేను చూడలేదుగా! చూడనిదానికి అభిప్రాయం ఎలా చెబుతానండీ?"

అద్దెకు తెచ్చిన నవలైతే సగం దాకా మహాద్భుతం. టీవీ సీరియలైతే మొదటి అడ్వర్టైజ్‌మెంటు దాకా బ్రహ్మాండం. ఆయన చెప్పే కథల్లో తప్పిపోయిన అన్నదమ్ములు ఇంతవరకూ ఒక్కళ్ళూ కలుసుకోలేదు. ప్రేమికులకి పెళ్ళిళ్ళు కాలేదు. హంతకులందరూ హాయిగా తిరుగుతున్నారు.

కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో ఆయన పక్క ఫ్లాటు ప్రశాంత్, దివ్యలది. ఇద్దరిదీ అనంతపురం వైపు. ఇద్దరూ హైటెక్ సిటీ దగ్గర చెరో కంపెనీలో సాఫ్ట్‌వేరు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తారీఖు మరిచిపోతాయట. ఆ భయంతో దానికి ముందు ఏడాదంతా శనివారాలు కూడా ఆఫీసే. ఏడాదిన్నర పాప రసజ్ఞని సీతారామయ్యగారి భార్య అమ్మణ్ణిగారు చూసుకునేవారు. "రిటైరైనవాళ్ళం, మాకేం పనండీ" అంటూ ఆవిడే అడిగి మరీ తీసుకున్నారు.

ఒక ఆదివారం అపార్ట్‌మెంటు వాళ్ళంతా టెర్రస్ మీద చేరారు. నీళ్ళట్యాంకు గొడవ తేలాక కబుర్లు సినిమాల మీదికి మళ్ళాయి. సీతారామయ్యగారు యథాప్రకారం ఒక ఫస్టాఫ్‌ని మెచ్చుకున్నారు. సినిమాలంటే పడిచచ్చే ప్రశాంత్‌కి ఒళ్ళు మండింది.

"అంకుల్, మీరు సినిమాకి పోతారా, ఏసీలో నిద్రకి పోతారా?"

అందరూ ఫక్కున నవ్వారు.

"అబ్బే, కళ్ళార్పకుండా చూస్తానండీ. ఇంటర్వెల్లో వచ్చేస్తాను, అంతే."

"సగం చూసి అభిప్రాయం చెప్పేదేంది అంకుల్? ఇంక మీ పేరు అర టికెట్ అంకుల్!"

నవ్వులు రెట్టింపయ్యాయి. సీతారామయ్యగారు ఏదో చెప్పబోయారు. దివ్య ఒళ్ళో ఉన్న పాపవైపు ఓసారి చూసి, "పేరు బాగుందండీ" అని తనూ నవ్వేశారు. మర్నాటికల్లా మెట్లమీద పిల్లలు కూడా ఆయన్ని అలాగే పిలవసాగారు.

ఆ శనివారం ఆఫీసులో సర్వర్ పనిచెయ్యక ప్రశాంత్‌ని మధ్యాహ్నమే ఇంటికి పంపేశారు. నేరుగా వెళ్ళి కూతుర్ని ఎత్తుకోవాల్సినవాడు, 'ఎలాగూ ఆంటీ దగ్గరుందిగా' అనుకుని మ్యాట్నీకి వెళ్ళాడు. ఇంటర్వెల్లో సమోసా నములుతూ బయటికొస్తే గేటు దగ్గర సీతారామయ్యగారు! ఎదురుగా ఆటో దిగుతూ అమ్మణ్ణిగారు. ఆవిడ చంకలో రసజ్ఞ.

పాప ఈ చంకలోంచి ఆ చంకలోకి మారింది. టికెట్ ముక్క ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మారింది.

"త్వరగా విను. అన్న చిన్నప్పుడే తప్పిపోయాడు. తమ్ముడు పోలీసు. నల్లచొక్కావాణ్ణి మాత్రం నమ్మకు."

"నమ్మనులెండి. పెరుగన్నం పెట్టేశాను. నిద్రకొచ్చింది, భుజాన వేసుకోండి."

"జల్ది రా అమ్మా, షురూ అయితుంది!" అంటూ గేట్‌మన్ నర్సింహ ఆవిణ్ణి లోపలికి పంపాడు. నోరు తెరుచుకుని నిలబడ్డ ప్రశాంత్‌తో, "ప్రతి శనివారం గిట్లనే సార్. పక్కింటోళ్ళ పాపంట. హాల్ల చప్పుడుకు బెదురుతదని లోపలికి తేరు. సగం ఆయన, సగం ఆమె" అన్నాడు.

ప్రశాంత్ మిగిలిన సమోసా చెత్తబుట్టలో పడేశాడు. ఆ రోజు టెర్రస్ మీద సీతారామయ్యగారు, 'మీ పాప కోసమేనండీ' అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. అంతమందిలో ప్రశాంత్ పరువు నిలబెట్టి, ఆయన మాత్రం అర టికెట్ అనిపించుకున్నారు. ప్రశాంత్‌కి ఎక్కడైనా దాక్కోవాలనిపించింది. స్తంభం వెనక్కి దూరాడు కూడా.

"నాన్నా!" అని సీతారామయ్యగారి భుజం మీంచి వేలు చూపించింది రసజ్ఞ.

ఆయన తిరిగి చూసి కంగారుపడిపోయారు. "ఎండలో తిప్పట్లేదండీ పాపని! ఆటోలోనే... వెంటనే ఇంటికి..."

ఆయన సంజాయిషీ చెబుతుంటే ప్రశాంత్ తల ఇంకా కిందికి వాలిపోయింది.

"అంకుల్, ఆ పొద్దు నేను..." పాపని అందుకుని, తన టికెట్ ముక్క ఆయన చేతిలో పెట్టాడు. "లోపలికి పోండి అంకుల్."

"సెకండాఫా?" అన్నారాయన, చదవని సబ్జెక్టులో పరీక్షకి కూర్చోమన్నట్టు.

సినిమా వదిలేదాకా ప్రశాంత్ నిద్రపోయిన కూతుర్ని మోస్తూ స్కూటర్ల మధ్య తిరిగాడు. భుజం లాగేస్తున్నా చెయ్యి మార్చలేదు.

జనం బయటికొచ్చారు. అమ్మణ్ణిగారు ఉత్సాహంగా ముందొచ్చారు. వెనకాల సీతారామయ్యగారు దిగాలుగా నడిచొచ్చారు.

"ఎట్లుంది అంకుల్?"

ఆయన భార్య వినకుండా గొంతు తగ్గించారు. "ఏం చెప్పమంటారండీ! ఇన్నాళ్ళూ సెకండాఫులన్నీ ఇంటికొచ్చి మా ఆవిడే చెప్పేది. ఎంత బాగుండేవో! ఈ సినిమావాళ్ళు మొత్తం పాడుచేసేశారు. వచ్చే శనివారం మాత్రం దయచేసి పాపని మాకే ఇచ్చెయ్యండి."