పురుగులు నోట్లు తినవు

నా చిన్నప్పుడు, అంటే చేతిలో పది రూపాయల నోటుంటే మనిషి నడకే మారిపోయే కాలంలో, కొన్ని రోజులపాటు నేను మా ఊరి ధనవంతుల్లో ఒకణ్ణని అనుకున్నాను. కుప్పం నుంచి వచ్చిన మా మామ పోతూపోతూ నా చేతిలో ఒక పది రూపాయల నోటు పెట్టాడు. దాంతో మదనపల్లెలో నల్ల కళ్లద్దాలు కొనాలని నా పథకం. అవి పెట్టుకుంటే లోకం నాకు సరిగ్గా కనబడదని తెలుసు. లోకానికి నేను బాగా కనబడితే చాలనుకున్నాను.

మాది పుంగనూరుకూ మదనపల్లెకూ నడుమ ఒక మెట్ట ఊరు. అప్పుడప్పుడే మా వైపు పట్టుపురుగుల పెంపకం వచ్చింది. పురుగులు నడింట్లోకి, మనుషులు వసారాలోకి మారిన రోజులవి. పెరిగేటప్పుడు పురుగు నాలుగుసార్లు తిండి మాని, కదలకుండా పడి ఉండి, కుబుసం విడుస్తుంది. దాన్ని మా వైపు జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచాక దాని ఆకలికి అడ్డూ ఆపూ ఉండవు. వారం రోజులు మల్బరీ ఆకు మేసి మేసి, పండి, గూడు కట్టుకోవడానికి చోటు వెతుక్కుంటుంది. ఆ వారంలో ఆకు తక్కువైతే అంతకుముందు పెట్టిందంతా మన్నే.

ఆకును చూసి గుడ్లు తేవాలి. మా నాయన ఆశను చూసి తెచ్చాడు. మా తోట ఎన్ని పురుగులకు చాలుతుందో దానికి దాదాపు రెండింతలు. ఎవరో ఆఖరి నిమిషంలో వద్దన్న గుడ్లు కూడా తనే తీసుకున్నాడు. అప్పు కూడా ఆ లెక్కనే పెరిగింది. "ఈ పంట చేతికి రాలేదంటే నేను బెంగుళూరుకు పోయి మూటలు మోసుకోవాల్సిందే" అని ఒక పూట అన్నం ముందు అన్నాడు. అప్పటికే మా వీధిలో ఇద్దరి నాయనలు అట్లా పోయారు. పండక్కి కూడా చుట్టాల మాదిరి వచ్చి పోయేవాళ్లు. అందుకే ఆ మాట విన్నప్పటి నుంచి రోజూ నిద్ర లేవగానే నాయన చెప్పులు వాకిట్లో ఉన్నాయో లేదో చూసుకునేవాణ్ణి.

ఇంకో రెండు రోజుల్లో పురుగులు పండుతాయనగా తోటలో ఆకు అయిపోయింది. నాయన తెల్లారగానే ఆకు తెస్తానని మామ ఊరికి, కుప్పం బస్సెక్కాడు. ఎంత తొందరపడినా మరుసటి రోజుకు గానీ తిరిగి రాలేడు. పొద్దు కాస్త పైకి వచ్చేసరికి తట్టల్లో ఈనెలే మిగిలాయి. పురుగులు ఆకు మేస్తుంటే ఇల్లంతా చిరుజల్లు కురుస్తున్నట్టు చప్పుడుండేది. అది సన్నగిల్లింది. ఆగింది. వేలకు వేల పురుగులు తలలు పైకెత్తి, అటూ ఇటూ ఊపుతూ, మా అమ్మ చేతుల వైపు చూస్తున్నట్టే ఉన్నాయి. అమ్మ ఖాళీ బుట్ట పట్టుకుని నిలబడిపోయింది.

మా అవ్వ ఆ బుట్ట తీసి పక్కన పెట్టింది. నాయన మిగిల్చి పోయిన నోట్లు కొంగున ముడేసుకుని "రారా అబ్బోడా" అంది. నేను కూడా నా పది రూపాయలు తీసి జేబులో పెట్టుకున్నాను. ఇంటిని ఆదుకోవడానికి నా ఆస్తి మొత్తం ధారపోస్తున్నానన్న గర్వంతో, భయపడాల్సినంత భయపడలేదు. ఆ భయం దారిలో మొదలైంది.

మొదటి తోట ఆయన నోట్లు చూసి నవ్వాడు. "ఏమవ్వా, నీ నోటు నా పురుగుల నోట్లో పెట్టేదా? నాకే సాలదంటాంటే." రెండో తోటలో ఆ నవ్వు కూడా దొరకలేదు. నా నోటు కూడా కలుపుతానని నేను పెద్దమనిషిలా చెయ్యి చాపితే, ఆయన నా తల నిమిరి గేటు వేసుకున్నాడు. దుడ్లు ఇస్తామంటే వద్దనే మనుషులుంటారని నాకు అప్పటిదాకా తెలియదు.

పక్క ఊరి బాట పట్టాం. ఎండ ముదురుతోంది. దుడ్లుండి కూడా ఎందుకియ్యరని నేను ఏడుపు గొంతుతో అడిగాను. అవ్వ నడక ఆపకుండానే చెప్పింది. ఆమె చిన్నతనంలో ఎద్దుల మీద ఉప్పు బస్తాలు వేసుకుని వచ్చేవాళ్లట. రాగులు కొలిచి ఇస్తే ఉప్పు కొలిచేవాళ్లట. ఒక్కోసారి వాళ్లు "రాగులు వద్దమ్మా, చింతపండుందా?" అనేవాళ్లు. చింతపండు లేనివాళ్లకు ఆ పూట చప్పిడి కూడే. ఆ తిప్పలు పడలేకనే మనుషులు కాసును పట్టుకున్నారని అవ్వ లెక్క. నడుమ తూటున్న రాగి కాసులు, అణాలు, ఆనక పైసలు, ఇప్పుడీ కాగితాలు. "ఎదటోడు తీసుకుంటాడనే నమ్మకమే రా దుడ్డంటే. తీసుకోలేదనుకో, అది పొయ్యిలోకి కూడా సాలదు. ఈ పొద్దు మనం మళ్లీ ఉప్పు ఎద్దుల కాలానికి పోయినాం. ఆకున్నోళ్లకేం తక్కువైందో సూడాల."

మూడో తోట ఒంటరిగా సేద్యం చేసుకునే ఒక అత్తది. అత్త అని ఊరంతా పిలిచేది గానీ మాకు చుట్టరికం లేదు. తోటలో ఆకు నడుము ఎత్తున ఉంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇంటి ముందుకు పోతే ఆమె కొప్పు ఊడిపోయి, చేతి నిండా పురుగులతో, మమ్మల్ని చూసి అరిచినంత పని చేసింది. "ఇప్పుడు రావద్దండి తల్లీ! ఆకు కోసిచ్చే తీరిక లేదు, బేరం లేదు!" ఆమె పురుగులు అనుకున్నదానికన్నా ఒక రోజు ముందే పండాయి. ఒళ్లు పసుపు తేలి గోడలెక్కుతున్నాయి. అవి గూళ్లు కట్టుకోవడానికి చంద్రికలు కావాలి. చుట్టలు చుట్టలుగా వెదురు పట్టీ అల్లిన పెద్ద చాపల్లాంటివి. బాడుగకు మదనపల్లె నుంచి రావాల్సినవి రాలేదు.

నేను అలవాటు కొద్దీ నోటు తీశాను. ఆమె దాన్ని చూసి, "దీని మీద గూడు కట్టుకుంటాయా నాయనా?" అంది. ఆ గొంతులో వెటకారం లేదు. ఏడుపు ఉంది.

అవ్వ నా నోటును నా జేబులోకే తోసి, వంగి ఆమెకు పురుగులు ఏరిపెడుతూ అడిగింది. "చంద్రికలు నేనిస్తా. ఆకు నువ్విస్తావా?"

మా చంద్రికలు అప్పటికే బాడుగకు తెచ్చి గోడకు ఆనించి ఉన్నాయి. కానీ వాటి మీద పురుగులు ఎక్కితే, గూళ్లు తీసేదాకా నాలుగైదు రోజులు దొరకవు. మావి ఎల్లుండి పండుతాయి. పదేళ్లవాడికే అర్థమైన ఈ సంగతి అవ్వకు తెలియదా అని కొంగు పట్టి లాగాను. ఆమె పట్టించుకోలేదు. అవ్వా అత్తా చేతికి దొరికినంత ఆకు కోసి అత్త ఎద్దుల బండి మీద వేశారు. ఇంతలో మబ్బు పట్టింది. తడిసిన ఆకు పెడితే పురుగులకు రోగం. అత్త తన పక్క దుప్పటి కూడా తెచ్చి ఆకు మీద కప్పింది.

బండి వాకిట్లో ఆగగానే అమ్మ ఆకు మీద పడింది. తట్టలన్నీ నిండాక గానీ తల ఎత్తలేదు. అప్పుడు చూసింది, అవ్వా అత్తా చంద్రికలు బండికి ఎత్తుతున్నారు. అమ్మ పరిగెత్తి ఒకదాన్ని పట్టుకుంది. "ఎల్లుండి మనవి యాడ కట్టుకోవాల? నా తల మీదనా? ఆయనొచ్చి అడిగితే నేనేం సెప్పేది?" అటు అమ్మ, ఇటు అత్త. నడుమ చంద్రిక. ఇద్దరూ వదల్లేదు. అమ్మ కళ్లల్లో నీళ్లు చూసి నేను కూడా అమ్మ పక్కకు పోయి పట్టుకున్నాను.

అవ్వ గొంతు పెంచలేదు. "వదులు తల్లీ. పురుగుకు కావాల్సింది కాలూనే మూల. ఎండిన కంది కట్టెలో కూడా కట్టుకుంటాది. గూళ్లు నున్నగా ఉండాలనేది మన కోరిక. ఆ కట్టె ఏరుకునేదానికి ఆమెకు ఒక గంట కూడా లేదు. మనకు రెండు దినాలుండాయి. ఆమెకు లేనిది, మన దగ్గర ఉండేది అదే."

అమ్మ చంద్రిక వదిలి కళ్లు తుడుచుకుంది. తర్వాత తనే చంద్రిక రెండో కొస ఎత్తి బండి మీద పెట్టింది.

నాయన మర్నాడు సాయంత్రం వచ్చాడు. బస్సు మీద మూటల్లో ఆకు ఉడికి, ముడి విప్పగానే ఆవిరి లేచింది. దాన్ని మేకలు కూడా వాసన చూసి వదిలేశాయి. చంద్రికలు లేని గోడను చూసి నాయన ఏదో అనబోయి, కళకళలాడే తట్టలను చూసి మింగేశాడు. ఆ రెండు రోజులూ బడి ఎగ్గొట్టి నేను ఊళ్లో దొరికిన కంది కట్టెంతా మోశాను. పురుగులు పండే పూటకు ఎవరూ పిలవకుండానే అత్త వచ్చి మాతోపాటు కూర్చుని ఏరి పెట్టింది. గూళ్లు కొన్ని మెలికలు తిరిగాయి, కొన్నిటికి మరకలు పడ్డాయి. ధర తగ్గింది. అప్పు సగమే తీరింది. కానీ నాయన బెంగుళూరు బస్సు ఎక్కలేదు. మళ్లీసారి గుడ్లు తెచ్చే ముందు తోటలోకి పోయి ఆకు చూసి వచ్చాడు.

ఇన్నేళ్లలో నాకు దుడ్డంటే చిన్నచూపు కలగలేదు. అది లేని ఇబ్బంది బాగా తెలిసినవాణ్ణి. అయితే ఎవరికైనా కష్టం వచ్చిందంటే చెయ్యి ముందు జేబులోకి పోవడం మాత్రం ఆ రోజుతో ఆగింది. నీకేం తక్కువైంది అని అడిగాకే పోతుంది. మొన్న మదనపల్లెలో ఆసుపత్రిలో ఉన్న మా పక్కింటాయన భార్యను చూడబోయాను. ఏం కావాలప్పా అని ఆయన్ని అడిగాను. ఆయన రెండు రోజుల గడ్డంతో నా వైపు చూసి, "ఏమీ వద్దప్పా. ఈడ కాసేపు కూర్చో. నిన్నట్నుంచి ఆమెను ఒక్కదాన్నే వదిలి కాఫీకి కూడా పోలేదు" అన్నాడు.

కూర్చున్నాను. ఆయన కాఫీ తాగి నిదానంగానే వచ్చాడు.