ఉతికిన చీర, ఉతకని అంగీ

నాచారంలో మా అపార్ట్‌మెంటు వెనక, రెండు కంపెనీ గోడల నడుమ ఒక బర్రెల కొట్టం ఉంది. చుట్టూ ఇన్ని మేడలు లేచాక కూడా అదెలా మిగిలిందో నాకు అంతుబట్టదు. పొద్దున్నే గిన్నె పట్టుకుని అక్కడికి వెళ్తాను. నేను గుంటూరు వైపు మనిషిని. గేదె అంటే కొట్టంలో నవ్వుతారు, బర్రె అంటే మా ఇంట్లో నవ్వుతారు.

కొట్టం నడిపేది ఒక జంట. ఆయన్ని అన్నా అంటాను. ఆమె నన్ను అక్కా అంటుంది. వాళ్ల బర్రెల్లో ఒకదానికి కొమ్ము వంకర. దూడ చచ్చిపోయినప్పటి నుంచి అది ఆమె చేతికి తప్ప పాలు వదలదు. అన్న చెంబుతో దగ్గరికొస్తే కాలు విసురుతుంది. "గది నా బిడ్డ," అనేది ఆమె, మొగుడికి వినబడేలా.

ఈమధ్య ఆమెకు గర్భసంచి ఆపరేషన్ అయింది. కొన్నాళ్లు ఉప్పల్‌లో దవాఖానా, ఆ తర్వాత అంబర్‌పేట్‌లో చెల్లెలి ఇల్లు. ఆమె లేని రోజుల్లో ఒక పొద్దున కొట్టంలోకి తొంగిచూద్దును కదా, అన్న తన అంగీ మీద పెళ్లాం పాత చీర చుట్టుకుని, తలమీద కొంగు కప్పుకుని ఆ వంకరకొమ్ము దాని పక్కన కూర్చుని పాలు పిండుతున్నాడు. కొంగులోంచి మీసాలు కనబడుతున్నాయి. నవ్వాలో, చూడనట్టు వెనక్కి పోవాలో తేల్చుకోలేక అలాగే నిలబడ్డాను.

"నవ్వకక్కా. మా నాయిన గూడ గిట్లనే జేసేటోడు. ఆమె వాసనొస్తేనే ఇది పాలిడుస్తది."

నిజంగానే వదిలింది. పాపం మోసపోయిందా, తెలిసే సర్దుకుపోయిందా? ఇంటికొచ్చాక కూడా అదే ఆలోచన.

ఆమె తిరిగొచ్చే రోజున అన్నకు పట్టలేని సంబరం. ఆ చీరను సర్ఫులో నానబెట్టి, ఉతికి, దండెం మీద ఆరేశాడు. పెళ్లయ్యాక ఆమె చీర ఉతకడం అదే మొదటిసారట. తనూ తలంటుకుని, కడిగిన ముత్యంలా కొత్త అంగీ తొడుక్కున్నాడు.

ఆమె ఆటో దిగి, ఆ చీరే కట్టుకుని, నెమ్మదిగా నడుచుకుంటూ బర్రె దగ్గరికి పోయింది. ఒంటికి మందుల వాసన, చీరకు సబ్బు వాసన. అది మూతి చాచి వాసన చూసి వెనక్కి జరిగింది. పొదుగు ముట్టుకోగానే తన్నింది. చెంబు గోడకు తగిలింది.

"నేనే బిడ్డా, జర సూడు."

అది చూడలేదు. అన్ననూ దగ్గరికి రానివ్వలేదు. సాయంత్రానికి పొదుగు గట్టిపడింది. వాపొస్తే ఇక అమ్ముకోవడమేనన్నాడు అన్న. ఆమె భోరుమంది.

"నా చీర ఎవ్వడుతకమన్నడు నిన్ను?"

అన్న ముఖం చూడలేకపోయాను. ప్రేమతో చేసిన పనికి తిట్లు తింటున్న అతన్ని ఓదార్చాలా, సొంత బర్రె చేత తన్నించుకున్న ఆమెనా? నాకు ఇద్దరి మీదా జాలేసింది, ఇద్దరి మీదా కోపమొచ్చింది.

అప్పుడు ఆమె కంట గుంజకు వేలాడుతున్న పాత అంగీ పడింది. ఇన్నాళ్లూ అన్న చీర కింద తొడుక్కున్నది. పేడా చెమటా పట్టి కంపు కొడుతోంది. దాన్ని లాగి చీర మీద తొడుక్కుని కూర్చుంది. బర్రె మెడ తిప్పి ఆమె భుజాన్ని చాలాసేపు వాసన చూసి, బుస్సుమని ఊపిరి వదిలింది. పాలు దిగాయి.

అన్న నోరెళ్లబెట్టాడు. "అంటే ఇన్ని దినాలు ఇది నా వాసనకే ఇచ్చిందా? మరి చీరెందుకు గట్టుకున్ననే నేను?"

ఆమె బర్రె డొక్కకు తల ఆనించి పిండుతూనే ఉంది. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు.

నెలలు గడిచాయి. మందుల వాసన ఎప్పుడో పోయింది. ఆమె వస్తుంటే బర్రె తాడు తెంచుకునేంత పని చేస్తుంది, చెయ్యి నాకుతుంది. అయినా ఆమె పాలు పిండేటప్పుడు ఆ అంగీ తొడుక్కోవడం మాత్రం మానలేదు. మొన్న ఉండబట్టలేక అడిగాను.

"ఇంకా అదెందుకు? ఒకసారి తీసేసి చూడరాదూ?"

ఆమె చేతులు ఆగాయి. తలెత్తకుండానే అంది.

"తీసినంక మల్ల తన్నితే అక్కా?"